ఎనిమిది వందల ముప్పై పేర్ల టేబుల్ క్లాత్

జంట నగరాలంటే మనకు హైదరాబాద్, సికింద్రాబాదే గుర్తొస్తాయి. అందుకే కాబోలు, వేర్వేరు దేశాల ఊళ్లు కలుపుకునే చుట్టరికాన్ని మన పేపర్లు ‘సిస్టర్ సిటీ’ అనే రాస్తుంటాయి. అలాంటి ఒక పాత చుట్టరికాన్ని 2022 మార్చిలో బ్రిటన్‌లోని కోవెంట్రీ కౌన్సిల్ ఆపేసింది. అవతలి ఊరు రష్యాలోని వోల్గోగ్రాడ్. కారణం ఉక్రెయిన్ యుద్ధం.

విచిత్రమేమిటంటే, ఆ బంధం పుట్టింది కూడా యుద్ధంలోనే.

1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు కోవెంట్రీని తగలబెట్టాయి. 500 మందికి పైగా చనిపోయారు. పెద్ద చర్చికి గోడలు, శిఖరం తప్ప ఏమీ మిగల్లేదు. రెండేళ్లు తిరక్కుండానే స్టాలిన్‌గ్రాడ్ వంతు వచ్చింది. (ఆ ఊరి పేరే 1961లో వోల్గోగ్రాడ్‌గా మారింది.) అక్కడి సంగతులు వింటుంటే కోవెంట్రీ ఆడవాళ్లకు తమ ఊరే కళ్ల ముందు మెదిలి ఉంటుంది. మేయర్ ఎమిలీ స్మిత్ ముందు నిలవగా, 830 మంది తలా ఆరు పెన్నీలు చందా వేసుకున్నారు. ఒక టేబుల్ క్లాత్ మీద తమ పేర్లు దారంతో కుట్టారు. దాని మీదే ఒక మాట కూడా కుట్టారు. మన భాషలో చెప్పాలంటే, గంపెడు జాలి కన్నా గుప్పెడు సాయం మేలు అని. గుడ్డనీ డబ్బునీ కలిపి పంపించారు. 1944లో రెండు ఊళ్లూ అధికారికంగా చేతులు కలిపాయి.

ఇంతకంటే కష్టమైన పని కోవెంట్రీ తర్వాత చేసింది. 1945 ఫిబ్రవరిలో బ్రిటిష్, అమెరికన్ విమానాలు బూడిద చేసిన జర్మన్ నగరం డ్రెస్డెన్‌తో 1959లో జత కట్టింది. దెబ్బ తిన్నవాడితో స్నేహం సులువే. మనవాళ్లే కొట్టినవాడి ఇంటికి వెళ్లడానికి గుండె కావాలి.

మిగతా ప్రపంచం వెనకే వచ్చింది. 1950లో ఫ్రాన్స్‌లోని మోంబెలియార్, జర్మనీలోని లుడ్విగ్స్‌బుర్గ్ కలిశాయి. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దీన్నొక జాతీయ కార్యక్రమం చేశాడు. 1960ల్లో మన పక్కనున్న మద్రాసు కూడా వోల్గోగ్రాడ్‌తోనే జట్టు కట్టింది. రానురాను చాలాచోట్ల ఇది మేయర్ల విదేశీ టూరు, శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫొటోగా మిగిలింది.

కాగితం మీది ఒప్పందాన్ని ఒక తీర్మానంతో ఆపేయొచ్చు. ఆ టేబుల్ క్లాత్ మాత్రం వోల్గోగ్రాడ్ యుద్ధ మ్యూజియం చేతికి ఎప్పుడో చేరిపోయింది, 830 పేర్లతో సహా.