లోకంలో ఉంటూ లోకస్తులం కాకపోవడం: మన సంఘాల్లో అపోహలు, వాస్తవాలు

కోనసీమలో పాస్టరుగా ఉన్నవాణ్ని ఏడాది పొడుగునా అడిగే ప్రశ్న ఒకటుంది: "అయ్యగారూ, ఇది లోకమా, కాదా?" విశ్వాసి విడిచిపెట్టాల్సినదా, కాదా అని. చెవిదిద్దుల గురించి అడుగుతారు, కనకాంబరాల గురించి అడుగుతారు, పక్కింటివాళ్లిచ్చిన పులిహోర గురించి అడుగుతారు. వడ్డీ గురించి మాత్రం నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. లోకం మనలోకి వచ్చేది ఆ అడగని చోటి నుంచేనని నా అనుమానం.

అపోహ: నగలు, పూలు, బొట్టు తీసేస్తే లోకాన్ని విడిచినట్టే.

మన డెల్టాలో అన్ని సంఘాలదీ ఒకే పద్ధతి కాదు. లూథరన్, సీఎస్‌ఐ, కథోలిక సంఘాల్లో ఆడవాళ్లు బంగారం పెట్టుకుంటారు, పెళ్లిలో సిలువ గుర్తున్న తాళి కట్టడమూ ఉంది. పెంతెకొస్తు సంఘాలు చాలావాటిలో బాప్తిస్మానికి ముందే చెవులవీ మెడలోవీ తీయించేస్తారు. మనస్సాక్షిని బట్టి తీసేసిన అక్కచెల్లెళ్లను నేను తప్పుపట్టను. ఆ దిద్దులమ్మి అప్పు తీర్చుకున్నవాళ్లను కూడా చూశాను. కానీ భక్తికి అదే కొలబద్ద అంటేనే చిక్కు.

అందరూ చూపించేది 1 పేతురు 3:3. అందులో ఉన్నవి మూడు: జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం. జడ వేసుకోవద్దని మన వైపు ఏ సంఘంలోనూ నేను వినలేదు. మూడోదాని సంగతి సరేసరి! అందం పైపైనే ఆగిపోకూడదని పేతురు ఉద్దేశం, నాలుగో వచనం దాకా చదివితే తెలుస్తుంది. ఆదికాండం 24లో అబ్రాహాము దాసుడు రిబ్కాకు బంగారు ముక్కుకమ్మి, కడియాలు ఇచ్చాడు. దానికి ఆమెను ఎవరూ లోకస్తురాలు అనలేదు.

అసలు బంగారం కనబడేది పెళ్లిమాటల దగ్గర. పెళ్లికొడుకు తండ్రి ముందే అనేస్తాడు: "మాకు కట్నం వద్దండి, విశ్వాసులం. మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం." కాఫీలు అయ్యేలోగా అబ్బాయి మస్కట్ ఉద్యోగం, తోడల్లుడికి వాళ్ల మామగారిచ్చిన బండి, ఆడపడుచు లాంఛనం, కాలవగట్టు పక్కనున్న ముప్పై సెంట్ల కొబ్బరితోట ఒక్కొక్కటే బయటికొస్తాయి. అమ్మాయి తండ్రి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉంటాడు. అన్నీ తేలాక నా వైపు తిరిగి "అయ్యగారూ, ప్రార్థన చేసి ముగించండి" అంటారు. చెవికి దిద్దు కూడా పెట్టుకోని పిల్లకి అంత బేరం! కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమని 1961 నుంచి చట్టమే ఉంది. బైబిలు పేరు పెట్టి చెప్పిన "నేత్రాశ, జీవపుడంబము" (1 యోహాను 2:16) అంటే ఇదే కదా.

కట్నం మాట వచ్చే చోట నేను కూర్చోనని ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను. దాంతో కొన్ని ఇళ్లవాళ్లు పిలవడం మానేశారు. పిలిచిన ఇళ్లలో ఒకటి రెండు చోట్ల మాత్రం నిజంగానే కట్నం లేకుండా పెళ్లి జరిగింది. ఇంకో మాట కూడా అనాలి. మన నియమాలన్నీ ఆడవాళ్ల ఒంటిమీదే ఎందుకు వాలతాయి? మగవాడి చేతి వాచీ ఖరీదు, బైకు ఖరీదు సంఘంలో ఎప్పుడైనా చర్చకు వచ్చాయా?

అపోహ: ప్రత్యేకంగా బతకడమంటే అన్యులతో పొత్తు లేకుండా ఉండడం.

ఈ పొరపాటు కొరింథీయులు అప్పుడే చేశారు, పౌలు సరిదిద్దాడు కూడా (1 కొరింథీ 5:9-11). లోకంలోని జారులతో, లోభులతో అసలే కలవకూడదంటే మీరు లోకం విడిచి వెళ్లిపోవాల్సి వస్తుందని రాశాడు. ఎవరితో భోజనం చేయొద్దన్నాడో తెలుసా? సహోదరుడు అనిపించుకుంటూ లోభిగా, తిట్టుబోతుగా, దోచుకునేవాడిగా ఉన్నవాడితో. మనం దాన్ని తలకిందులు చేసుకున్నాం. పక్కింటి మంచివాడికి దూరంగా జరిగి, సంఘంలోని లోభిని ముందు వరసలో కూర్చోబెడుతున్నాం.

దానియేలును చూడండి. బబులోను భాష నేర్చుకున్నాడు, అక్కడి విద్య చదివాడు, వాళ్లు పెట్టిన పేరుతో పిలిపించుకున్నాడు, రాజు కొలువులో ఉద్యోగం చేశాడు. వద్దన్నది రాజు భోజనం, ద్రాక్షారసం. దేనికి ఒప్పుకోవాలో, దేనికి కాదో అతనికి స్పష్టంగా తెలుసు.

మన నేల చరిత్ర కూడా అంతే. 1836లో ఇండియా వచ్చి నరసాపురంలో పనిచేసిన మిషనరీలు బౌడెన్, బీర్ గోడలు కట్టుకుని లోపల కూర్చోలేదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక అక్కడి కూలీల మధ్యే సువార్త చెప్పారు. ఈ డెల్టాలో సువార్త మట్టి మోసేవాళ్ల మధ్య నడిచింది. 1996 నవంబరు తుపానుకు కొబ్బరిచెట్లు వేల కొద్దీ కూలినప్పుడు ఎవరి డాబా మీద ఎవరు తలదాచుకున్నారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

ప్రసాదం సంగతి వేరు, అది నిజంగానే ఆలోచించాల్సిన విషయం. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, పెట్టింది ఏమీ అడగకుండా తినమని, ఇది అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దని పౌలు అన్నాడు (1 కొరింథీ 10:27-28). చవితి నాడు పక్కింటి పిన్నిగారు ఉండ్రాళ్లు తెస్తే ముఖం మీద తలుపేయనక్కర్లేదు. "ఇది మేం తీసుకోమండి, ఏమీ అనుకోకండి, వచ్చి కూర్చోండి, కాఫీ పెడతాను" అంటే చాలు. గోదావరి మనుషులకి మర్యాద మాట అర్థం కాకపోవడం ఉండదు.

అపోహ: పేరు మార్చుకుంటేనే అసలైన క్రైస్తవుడు.

రోమా 16లో పౌలు వందనాలు చెప్పిన హెర్మే, పేరుతో చూస్తే ఒక గ్రీకు దేవుడే. అపొల్లో అన్నదీ అలాంటిదే. వాళ్లను పేరు మార్చుకోమని ఎవరూ అనలేదు. వెంకటేశ్వరరావు వెంకటేశ్వరరావుగానే బాప్తిస్మం తీసుకోవచ్చు.

ఇక్కడే కుల సర్టిఫికెట్ మాట వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళిత క్రైస్తవులు మన రాష్ట్రంలో బీసీ-సి, అంటే వెనకబడిన తరగతుల్లో ఒక విభాగం. మతం మారితే కులవివక్ష పోదని తెలిసీ ఇలా గీత గీయడం అన్యాయమని నా అభిప్రాయం. అలాగని కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు అన్న ఇబ్బందిని సంఘాలు మాట్లాడకుండా దాటేయడం కూడా బాగోలేదు. అది వేరే రోజు రాస్తాను.

అపోహ: లోకం మందిరం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఆదివారం కానుక సంచి పట్టుకున్న చెయ్యే సోమవారం ప్రాంసరీ నోటు రాయించుకుంటుంది, నూటికి ఐదు. అంటే ఏడాదికి అరవై శాతం. అప్పు తీసుకున్నది అదే సంఘంలో వెనక చాప మీద కూర్చునే విధవరాలు. పేద సహోదరుని దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమ 22:25, లేవీ 25:36 రెండూ చెబుతున్నాయి. యాకోబు 1:27లో విధవరాండ్రను పరామర్శించడం, లోకమాలిన్యం అంటకుండా ఉండడం ఒకే వాక్యంలో ఉన్నాయి. మనం రెండో సగమే బట్టీ పట్టాం.

కులం గురించి చెప్పాలంటే ప్రభువు బల్ల ఒకటే, గిన్నె ఒకటే, పెళ్లిసంబంధాల ప్రకటనలో మాత్రం "క్రైస్తవులు" పక్కనే కులం. కొన్ని ఊళ్లలో సమాధుల దొడ్డి కూడా వేరే. ఇన్ని గలతీ 3:28 ప్రసంగాలు విన్నాక కూడా!

అపోహ: సినిమా, టీవీ మానేస్తే సరి.

మానేస్తే మంచిదే, నేనేం వద్దనను. కాకపోతే ఆ టైమంతా ఫోన్‌లో ఎవరింట్లో ఏం జరిగిందో చూస్తూ, వాట్సాప్‌లో పంపుతూ గడిపితే మానేసి ఏం ప్రయోజనం?

అపోహ: సంక్రాంతి వస్తే అరిసె ముట్టుకోకపోవడమే సాక్ష్యం.

అరిసె మీద చూపించే పట్టుదలలో సగం బరి మీద చూపిస్తే బాగుండు. భోగి నుంచి మూడు రోజులు కోడిపందేలు, గుండాట, కోతాట లాంటి జూదాలు. 1960 జంతుహింస చట్టం ప్రకారమూ, 1974 గేమింగ్ చట్టం ప్రకారమూ ఇవి నేరమే, అయినా ఏటా టెంట్లు లేస్తాయి. మన కుర్రాళ్లూ అక్కడే ఉంటారు. "చూడ్డానికే వెళ్లానయ్యగారూ" అంటారు. ఏ కోడి మీద ఎంత కాశారో నేనడగను, వాళ్లే సాయంత్రానికి అప్పుకి వస్తారు.

ఒకాయన ఆ మూడు రోజులకి తన తోట బరికి అద్దెకిచ్చాడు. పందెం కాయలేదు, బరి దగ్గరకి వెళ్లనూ లేదు, ఇంట్లో అరిసెలూ వండలేదు. తర్వాతి ఆదివారం అద్దెలో దశమభాగం కవర్లో పెట్టి, పేరు రాసి తెచ్చాడు. ద్వితీయోపదేశకాండం 23:18 చదివి వినిపించి, ఏ డబ్బుతో మొక్కుబడి చెల్లించకూడదో అందులో ఉందని చెప్పి కవరు తిరిగిచ్చేశాను. "నేను ఆడలేదు కదండీ" అన్నాడు. అద్దె ఎవరిచ్చారని అడిగితే జవాబు లేదు. ఆ కవరు పక్క ఊరి సంఘంలో వేశాడని తర్వాత తెలిసింది.