ఫోర్క్ క్లిక్కులు తిప్పే ముందు ఒకసారి టేపు పట్టండి

బండికి కొత్త ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే, లోపల స్ప్రింగూ ఆయిలూ ఉన్న రెండు కాళ్లు) వేయించాక గుంతల్లో చేతులకి గట్టిగా తగులుతోందంటే మనం ముందు చేసే పని పైనున్న ప్రీలోడ్ నట్టు (స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి ఉంచేది) రెండు చుట్లు వదులు చేయడం, దాంతో స్ప్రింగ్ మెత్తబడిపోతుందని. మెత్తబడదండీ. మామూలు స్ప్రింగ్‌ని ఇంకో 10 మిల్లీమీటర్లు నొక్కాలంటే అదనంగా ఎంత బలం కావాలో, ప్రీలోడ్ ఎక్కువున్నా తక్కువున్నా అంతే కావాలి, 1678లోనే రాబర్ట్ హుక్ చెప్పేశాడు. ప్రీలోడ్‌తో మారేది మనం ఎక్కి కూర్చుంటే ముందు భాగం ఎంత దిగుతుందనేదే, దాన్నే శాగ్ అంటారు.

శాగ్ కొలవడానికి ఇంకో మనిషి సాయం కావాలి. ముందు చక్రం గాల్లో ఉండగా మెరిసే ట్యూబు ఎంత పొడవు బయటికి కనిపిస్తోందో రాసుకోండి. తర్వాత మీరు ఎక్కి కూర్చోండి, సాయానికొచ్చినాయన ముందు భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా వదిలితే ఒక కొలత, పైకెత్తి మెల్లగా వదిలితే ఇంకో కొలత వస్తాయి. రెండూ ఒకేలా రావు! ఆ తేడా సీల్స్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగులు) దగ్గర రాపిడి వల్ల. ఈ రెండింటి సగటు తీసి, చక్రం గాల్లో ఉన్నప్పటి కొలతలోంచి తీసేయండి, అదే శాగ్. రోడ్డు బండికి మొత్తం ట్రావెల్లో (ఫోర్క్ పైనుంచి కిందిదాకా కదలగలిగే దూరంలో) 30-35 శాతం ఉంటే బాగున్నట్టు, అంటే 120 మిల్లీమీటర్ల ట్రావెల్‌కి 36 నుంచి 42. రెండు కొలతల మధ్య తేడా మరీ ఎక్కువుంటే మాత్రం క్లిక్కుల (టిక్ టిక్‌మంటూ తిరిగే డంపింగ్ స్క్రూల) జోలికి పోకుండా సీల్స్‌లో దుమ్ముందా, యాక్సిల్ బిగించినప్పుడు ఫోర్క్ కాళ్లు వంకరగా పట్టేశాయా చూడండి.

డంపింగ్, అంటే ఆయిల్‌తో ఫోర్క్ ఊపుని అదుపు చేయడం, దాని కథ వేరు. స్ప్రింగ్ ఎంత నొక్కుకుందో చూస్తుంది, ఆయిల్ ఎంత స్పీడుగా కదులుతోందో చూస్తుంది. రీబౌండ్ (ఫోర్క్ తిరిగి లేచేటప్పటి డంపింగ్) బాగా బిగించేస్తే ఒక గుంత తర్వాత ఫోర్క్ పూర్తిగా లేవకముందే ఇంకో గుంత వస్తుంది, అలా కిందికే దిగుతూ పోయి చివరికి రాయిలా అనిపిస్తుంది. నేనూ ఇది తెలీక కొన్ని వారాలపాటు కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి డంపింగ్) వదులు చేస్తూ కూర్చున్నా. క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా మూసిన దగ్గర్నుంచి లెక్కపెట్టండి, మూసేటప్పుడు బలం పెట్టొద్దు, ఒకసారికి ఒక్కటే మార్చండి.

శాగ్ సరిగ్గానే ఉన్నా పెద్ద గుంతల్లో ఫోర్క్ అడుక్కి తగులుతోందంటే ఆయిల్ లెవెల్ చూడాలి. స్ప్రింగ్ తీసి, ఫోర్క్‌ని పూర్తిగా కిందిదాకా నొక్కి, గొట్టం పైఅంచు నుంచి ఆయిల్ దాకా కొలిచేదే ఎయిర్ గ్యాప్. 120 ట్రావెల్‌కి ఈ గ్యాప్ 130 ఉంటే చివరిదాకా నొక్కినప్పుడు లోపలి గాలి ప్రెషర్ రమారమి 1.9 రెట్లవుతుంది, గ్యాప్ 100 చేస్తే 2.2 రెట్లు. గాలికి చోటు తగ్గితే ప్రెషర్ పెరుగుతుందన్న 1662 నాటి బాయిల్ సూత్రమే ఇది, ఆ బాయిల్ దగ్గర అసిస్టెంటుగా పనిచేసినవాడే మన హుక్, ఇద్దరూ ఒకే గొట్టంలో కలిశారన్నమాట. ఈ గాలి బలం ఎక్కువగా చివర్లోనే తెలుస్తుంది కాబట్టి గ్యాప్‌ని 5 మిల్లీమీటర్ల చొప్పున తగ్గిస్తూ చూస్తే చాలు, స్ప్రింగే మార్చక్కర్లేదు. ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద 10డబ్ల్యూ అన్న మాట నమ్మొద్దు, కంపెనీ కంపెనీకి అది మారుతుంది, 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (ఆయిల్ చిక్కదనం కొలత) ఎంతో చూసి కొనండి.

ఇక ఫోర్క్ పైనుండే క్యాప్ విప్పేటప్పుడు ముందు చక్రం గాల్లో ఉండాలి, ప్రీలోడ్ పూర్తిగా తగ్గించాలి, ఫోర్క్ కాళ్లని పైన పట్టి ఉంచే క్లాంప్ వదులు చేయాలి, మొహం పక్కకి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆఖరి మరతో పాటే స్ప్రింగ్ క్యాప్‌ని పైకి తన్నేస్తుంది.