గురగురమంటే పిల్లి హాయిగా ఉన్నట్టేనా? పిల్లి అరుపులపై అపోహలు - వాస్తవాలు

అపోహ: గురగురలాడుతోందంటే పిల్లికి ఏ బాధా లేదు.

వాస్తవం: ఒళ్లో పడుకుని, కళ్లు సగం మూసి చేస్తుంటే నిజమే. కానీ కాలు విరిగిన పిల్లీ, ఈనుతున్న పిల్లీ, ప్రాణం మీదికొచ్చిన పిల్లీ కూడా గురగురలాడతాయి. పశువైద్యులం మా టేబుల్ మీద ఇది తరచూ చూస్తాం. "తిండి మానేసింది డాక్టర్‌గారూ, అయినా గురగురలాడుతూనే ఉంది, పర్లేదు కదా?" అని అడిగేవాళ్లకు వెంటనే తీసుకురమ్మనే చెబుతాను.

తిండి అడిగేటప్పుడు చేసే గురగుర వేరు. 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో కేరెన్ మెక్‌కూంబ్ బృందం దాన్ని పరిశీలించింది. అందులో పసిపిల్లల ఏడుపును పోలిన సన్నటి స్వరం కలిసి ఉంటుందని తేల్చింది. పొద్దున్నే మనల్ని మంచం దిగేదాకా వదలనిది అదే.

అపోహ: ప్రతి మ్యావ్‌కీ ఒక కచ్చితమైన అర్థం ఉంటుంది.

వాస్తవం: కూనలు తల్లిని మ్యావ్ మని పిలుస్తాయి. పెద్దయ్యాక తోటి పిల్లులతో ఆ మాట అరుదు, ఎక్కువగా మనతోనే. ఏ అరుపుకి మీరు లేచి వస్తారో పిల్లి కనిపెట్టి దాన్నే వాడుతుంది. అందుకే పక్కింటి పిల్లి మ్యావ్ మీకు అర్థం కాదు. అరుపుతో పాటు అది ఎక్కడ నిలబడి అరుస్తోందో చూడండి: గిన్నె దగ్గరా, తలుపు దగ్గరా, లిట్టర్ ట్రే (మలమూత్రాల కోసం పెట్టే ఇసుక ట్రే) దగ్గరా?

ఆ చివరిది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మగ పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క మూత్రం కూడా పోయకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. మలబద్ధకం అనుకుని చాలామంది ఇంటి వైద్యం చేస్తారు. దయచేసి వద్దు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అపోహ: బుస్సుమంటే పొగరు.

వాస్తవం: ఎక్కువగా భయం. కొట్టకండి, దూరం జరగండి.

అపోహ: రాత్రిపూట పిల్లి ఏడిస్తే ఇంటికి అరిష్టం.

వాస్తవం: ఎదకొచ్చిన ఆడ పిల్లి రాత్రంతా అలాగే అరుస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ అరుపు ఆగిపోతుంది. అదే పదేళ్లు దాటిన పిల్లి ఈమధ్యే రాత్రుళ్లు గట్టిగా అరవడం మొదలుపెడితే థైరాయిడ్, బీపీ పరీక్షలు చేయించాలి. రెండింటికీ మందులున్నాయి.