స్కై టీమ్‌లో "ముందు ఇంజిన్" అనే రూలు లేదు

బోర్డ్ గేమ్స్ నేర్పించడం నా పని. స్కై టీమ్ అంటే ఇద్దరు పైలట్, కో-పైలట్‌గా కలిసి డైస్ పెడుతూ విమానాన్ని దించే ఆట. 2024లో స్కై టీమ్‌కి ష్పీల్ డెస్ యారెస్ (జర్మనీలో ఇచ్చే పెద్ద బోర్డ్ గేమ్ అవార్డు) వచ్చాక అందరూ ఇదే అడుగుతున్నారు, అందరూ ఒకే చోట కూలిపోతున్నారు. ఎవరు పుట్టించారో తెలీదు గానీ ఒక మాట తెగ తిరుగుతోంది: "యాక్సిస్, ఇంజిన్ తప్పనిసరి, కాబట్టి డైస్ వేయగానే ముందు అవి పెట్టేయాలి."

యాక్సిస్ అంటే విమానం వాలు, ఇంజిన్ అంటే వేగం. తప్పనిసరి, నిజమే. రౌండ్ అయిపోయేసరికి ఆ రెండు చోట్లా పైలట్ డైస్ ఒకటి, కో-పైలట్ డైస్ ఒకటి ఉండాలి, లేకపోతే ఓడినట్టే. కానీ ముందే పెట్టాలని ఎక్కడుంది? రౌండ్‌లో మీ నాలుగు డైస్‌ని ఏ వరుసలోనైనా పెట్టుకోవచ్చు, అసలు ఆట అంతా ఆ వరుసలోనే ఉంది.

ఎందుకంటే ఇంజిన్‌లో రెండో డైస్ పడిన క్షణమే విమానం కదులుతుంది, రౌండ్ చివరిదాకా ఆగదు. ఆట మొదట్లో రెండు డైస్ కలిపి 4 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే కదలదు, 5 నుంచి 8 అయితే ఒక గడి, 9 దాటితే... కాదు, 9 వచ్చినా చాలు, రెండు గడులు. ఇప్పుడు పైలట్ ఇంజిన్‌లో 6 పెట్టాడు, కో-పైలట్ చేతిలో 3 ఉంది. వెంటనే పెట్టేస్తే రెండు గడులు దూకుతుంది, పక్క గడిలో వేరే విమానం ఉంటే గుద్దడం ఖాయం. అదే కో-పైలట్ ముందు 1 గానీ 2 గానీ పెట్టి మొదటి ఫ్లాప్ దించితే రెండు గడుల హద్దు చూపే ఆరెంజ్ మార్కర్ ఒక అంకె పైకి జరుగుతుంది, తర్వాత అదే 3 పెట్టినా ఒక గడే. ల్యాండింగ్ గేర్ (చక్రాలు) ఒక గడి హద్దు చూపే నీలం మార్కర్‌ని జరుపుతుంది, అక్కడా ఇదే లెక్క: గేర్ ముందు పడితే మొత్తం 5 వచ్చినా విమానం కదలదు, ఇంజిన్ అయ్యాక పడితే ఈ రౌండ్‌కి ఉపయోగం లేదు. రేడియో కూడా అంతే, దారిలో ఉన్న విమానాన్ని ఇంజిన్ కదలకముందే తీసేయాలి.

మొన్న ఒక అన్నాచెల్లెళ్లు వచ్చారు. ఆ అమ్మాయి ప్రతి రౌండ్లో ముందు ఇంజిన్ డైస్ పెట్టి కళ్లు మూసుకునేది, పాపం. "రెండో డైస్ నీ చేతిలో ఉందంటే విమానం నీ చేతిలో ఉన్నట్టే, ఆపుకో" అన్నాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా గుద్దుకోలేదు. యాక్సిస్ మరీ వాలిపోయి ఓడిపోయారు, అది వేరే కథ. యాక్సిస్ వాలు రౌండ్ మారగానే సరి అయిపోదు, మీరే సరిచేసుకోవాలి.

"మనం ఉన్న గడిలో విమానం ఉంటే ఆట అయిపోయినట్టే" అనేది ఇంకోటి. కాదు. దాన్ని తీయకుండా ముందుకు కదిలితేనే ఓటమి. రేడియోలో 1 పెడితే అదే గడిలోది పోతుంది, ఎందుకంటే లెక్క మనం ఉన్న గడి నుంచే మొదలు.

ఇక మాటల సంగతి. ఆట మొత్తం మూగగా ఆడాలనుకుని బిగుసుకుపోయి కూర్చుంటారు. డైస్ వేసేదాకా ఎంతైనా మాట్లాడుకోండి, ఎవరు ఏది ముందు పెట్టాలో అప్పుడే తేల్చుకోండి. వేశాకే మౌనం. "నేను తప్పు పెడితే ఇద్దరం ఓడిపోతాం కదా" అని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: కాఫీ టోకెన్లు ఇద్దరివీ, ఎవరు సంపాదించినా ఎవరైనా వాడుకోవచ్చు. ఒక్కో టోకెన్‌కి అంకె ఒకటి పెరుగుతుంది లేదా తగ్గుతుంది, 6ని మాత్రం 1 చేయలేరు. రీ-రోల్ టోకెన్ ఎవరు వాడినా, పెట్టకుండా మిగిలిన డైస్‌ని ఇద్దరూ మళ్లీ వేసుకోవచ్చు.

బ్రేకులకు డైస్ 2, 4, 6 వరుసలోనే పెట్టాలి. మూడూ వేసి తీరాలని లేదు, చివరి రౌండ్లో ఇంజిన్ స్పీడ్‌ని ఆపడానికి సరిపోతే చాలు.