కామెర్లకు పసరు: అపోహలు, వాస్తవాలు

నేను ఆయుర్వేద డాక్టర్ని. కళ్లు పచ్చబడ్డవాళ్లు చాలామంది ఎక్కడో పసరు తాగాకే నా దగ్గరికి వస్తారు. "టెస్టులెందుకండీ, ఇంకో రెండు ఆదివారాలు తాగితే పోతుందట" అంటారు.

అపోహ: కామెర్లకు పసరు ఒక్కటే మందు.

వాస్తవం: కామెర్లు జబ్బు కాదు, లక్షణం. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఏం తాగితే పేరు దానికొస్తుంది. హెపటైటిస్ బి అయితే కథ వేరు. పిత్తనాళంలో రాయో, క్లోమంలో గడ్డో అడ్డుపడితే ఇంకా వేరు. మలం నూరిన నువ్వుల ముద్దలా తెల్లగా వస్తుంటే పిత్తం దారి మూసుకుపోయిందని మా ఆయుర్వేదానికి మూలపురుషుడైన చరకుడే చెప్పాడు. పసరు పోసేవాళ్లు ఆ ఒక్క ప్రశ్నయినా అడగరు.

ఆమధ్య ఒక పెద్దాయన ఒళ్లంతా గోక్కుంటూ వచ్చారు. జ్వరం లేదు, మలం తెల్లగా ఉంది. పసరు పోసినవాళ్లు ఉప్పూ నూనే కూడా మానిపించి మజ్జిగన్నం మీద ఉంచితే మనిషి సగమయ్యారు. స్కాన్‌కు పంపితే నాళంలో రాయి. ఎండోస్కోపీతో తీసేశారు. "మేమే ఆలస్యం చేశామా సార్?" అని కోడలు ఏడ్చింది. భయపడి నలుగురు చెప్పిన చోటికి తీసుకెళ్లినవాళ్లను ఏమంటాం? "సూది పడితే పసరు పనిచేయదు" అని బెదిరించేవాళ్లతోనే నా గొడవ.

చేతులు కడిగించి, పచ్చనీళ్లు దిగితే కామెర్లు దిగిపోయినట్టేనని కొందరు చూపిస్తారు కదా, అదా? మామిడి బెరడు రసం, సున్నపునీళ్లు చాలు, ఎవరి చేతులకైనా దిగుతాయి. వాతలు పెడితే మిగిలేది పుండే.

ఆకుమందుకు సైడ్ ఎఫెక్టులు ఉండవనేది ఇంకో అపోహ. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు రిపోర్ట్ చేశారు. మా ఆయుర్వేదం వాళ్లలో చాలామందికి అది నచ్చలేదు, అది వేరే సంగతి.

ముందు ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష), హెపటైటిస్ పరీక్షలు, పొట్ట స్కాన్ చేయించండి. మామూలు వైరల్ కామెర్లని తేలితే ఆకలికీ నీరసానికీ మేం చేయగలిగింది ఉంది, అదీ లివర్ డాక్టరుకు తెలిసేలా. గర్భిణి అయితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. చివరి నెలల్లో హెపటైటిస్ ఇ ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరికైనా మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికే వెళ్లండి. తాగిన పసరు సంగతి అక్కడ దాచొద్దు. డాక్టరు తిడితే తిట్టనివ్వండి.