ఏడు చెట్లు, ఒక చెట్టు

మా అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అమీర్‌పేటలో ప్రోగ్రామింగ్ కోచింగ్‌కి వెళ్లే ఒక అమ్మాయి లిఫ్టులో అడిగింది: "అంకుల్, లిస్టు అంటే ఏంటంటే 'ఖాళీ, లేదా ఒక వస్తువు, దాని వెనక ఇంకో లిస్టు' అన్నారు. లిస్టంటే తెలియకే కదా అడిగింది, మళ్లీ లిస్టే అంటారేంటి?"

న్యాయంగానే అడిగింది. మన తర్కశాస్త్రంలో దీన్ని ఆత్మాశ్రయ దోషం అంటారు. క్లాసులో మాత్రం ఫ్యాక్టోరియల్ (5×4×3×2×1 లాంటి లెక్క) ప్రోగ్రాం రాయించి పంపేశారట. రికర్షన్, అంటే ఒకదాన్ని దానితోనే చెప్పడం, అనగానే అందరికీ ఆ ఫ్యాక్టోరియలే ఎందుకు గుర్తొస్తుందో!

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ సందుల్లో అడ్రసు వెతికారా ఎప్పుడైనా? ఎవరినడిగినా రెండే జవాబులు. "ఇదే ఇల్లు." లేదా "గా పాన్ డబ్బా దాకా పోయి, ఆడ అడుగుండ్రి." రెండో దాంట్లో ఒక గుర్తూ, ఇంకో జవాబూ ఉన్నాయి. ఆ ఇంకో జవాబూ ఈ రెండిట్లో ఒకటే. జవాబును జవాబుతోనే నిర్వచించాం, అయినా ఇల్లు చేరుతున్నాం. పాన్ డబ్బా చెప్పినాయన జేబులో మిగతా దారంతా ఉండదు, తర్వాత ఎక్కడ అడగాలన్నదే ఉంటుంది. కంప్యూటర్ మెమరీలోనూ అంతే: లిస్టు లోపల లిస్టు ఉండదు, దాని చిరునామా ఉంటుంది. 64 బిట్ల యంత్రంలో దానికి 8 బైట్లు చాలు.

ఇప్పుడు "ఇదే ఇల్లు" అనేవాళ్లే లేరనుకోండి. అందరూ ముందుకు పొమ్మనేవాళ్లే. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. స్టాండర్డ్ ఎంఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అలాంటి టైపును, అంటే విలువల రకాన్ని, రాసుకోవచ్చు గానీ దానికి ఒక్క విలువ కూడా తయారు చేయలేం. 1990లో వచ్చిన హాస్కెల్ భాషలో మాత్రం కుదురుతుంది. అది అడిగినంత మేరకే లెక్క కడుతుంది కాబట్టి అంతులేని దారి కూడా అక్కడ విలువే.

నాకు అసలు సరదా ఇక్కడి నుంచే. "లేదా"ను కూడిక అనుకోండి, "దాంతో పాటు"ను గుణకారం అనుకోండి. ఖాళీ ఒకే రకం, కాబట్టి 1. వస్తువు ఎన్ని రకాలో అది వ, లిస్టు ఎన్ని రకాలో అది ల. అప్పుడు ల = 1 + వ×ల. కుడివైపు ల ఉన్న చోట మళ్లీ ఇదే పెడుతూ పోతే ల = 1 + వ + వ² + వ³ + … వస్తుంది. పైకి చదవండి: ఏమీ లేదు, లేదా ఒక వస్తువు, లేదా రెండు, లేదా మూడు. లిస్టంటే అదే కదా! వ అవును, కాదు అనే రెండే అయితే మూడేసి వస్తువుల లిస్టులు సరిగ్గా 8. బడిలో చేసినట్టు సాధిస్తే ల = 1/(1−వ). టైపులో టైపును తీసేయడం, టైపుతో భాగించడం ఏంటో నన్నడగకండి. విస్తరిస్తే మాత్రం అదే శ్రేణి. వ = 2 పెడితే −1 వస్తుంది, అది పరీక్షలో రాయకండి.

చెట్టు ఇంకా చిత్రం. చెట్టంటే ఒక ఆకు, లేదా రెండు చెట్లుగా చీలిన కొమ్మ: చ = 1 + చ². అంటే చ² = చ − 1. రెండు వైపులా చ తో గుణిస్తే చ³ = చ² − చ = −1. వర్గం చేస్తే చ⁶ = 1. ఆరు చెట్ల వరుసలన్నీ కలిపి ఒక్కటేనట! పచ్చి అబద్ధం. కానీ ఇంకోసారి చ తో గుణించండి: చ⁷ = చ. ఇది నిజం.

ఏడు చెట్లను ఒక్క చెట్టుగా మార్చి, ఆ చెట్టు నుంచి అవే ఏడింటినీ తిరిగి తీయవచ్చని 1995లో గణిత శాస్త్రవేత్త ఆండ్రియాస్ బ్లాస్ రాశారు. రెండు వైపులా అనంతమే కదా, ఏదో ఒక జత ఎలాగూ కుదురుతుంది అంటారేమో. విశేషం అది కాదు. చెట్లు ఎంత పెద్దవైనా పైన కొన్ని కొమ్మల వరకే చూసి, కింది భాగాలను అలాగే కత్తిరించి, వేరే చోట అతికిస్తే చాలు.

బండి నంబరులో అంకెలు కూడితే ఏడు వచ్చిందని "ఏడుపు నంబరు" అంటూ వద్దనేవాళ్లున్నారు. వాళ్లకి ఈ చెట్లు చూపించాలి. రెండు నుంచి ఆరు చెట్ల దాకా ఈ కత్తిరింపు కుదరదు, ఏడుకే కుదురుతుంది. ఆ తర్వాత మళ్లీ కుదిరేది 13కి.