పెంగ్విన్ స్వెటర్లు, ఊలు పగడాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో క్రోషే (కొక్కెం సూదితో అల్లే అల్లిక) నేర్పుతాను. అల్లికతో పాటు సముద్రం గురించీ మాట్లాడుతుంటాను కాబట్టి ఈ మాటలు తరచూ వింటుంటాను.

అపోహ: పెంగ్విన్లకు చలేస్తుందని స్వెటర్లు అల్లుతారు.

ఆరోగ్యంగా ఉన్న పెంగ్విన్‌కు స్వెటర్ అక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో ఉండే లిటిల్ పెంగ్విన్ బరువు కిలో అటూఇటూ. ఓడల చమురు అంటుకుంటే ఈకలు ముద్దకట్టి ఒంట్లో వేడి నిలవదు. పైగా ముక్కుతో ఈకలు శుభ్రం చేసుకోబోయి ఆ విషాన్ని మింగేస్తుంది. స్నానం చేయించేదాకా అలా మింగకుండా, వెచ్చగా ఉండేలా స్వెటర్ తొడుగుతారు, అంతే. 2001లో అక్కడ చమురు బారినపడిన 438 పెంగ్విన్లలో 96 శాతం కోలుకుని మళ్లీ సముద్రంలోకి వెళ్లాయి. ఆ తర్వాత దేశదేశాల నుంచి అవసరానికి మించి స్వెటర్లు వచ్చిపడ్డాయి. మిగిలినవాటిని బొమ్మ పెంగ్విన్లకు తొడిగి అమ్మి, ఆ డబ్బును సంరక్షణకు వాడారు. అందుకే, వాట్సాప్ ఫార్వర్డ్ చూసి పార్సిల్ కట్టకండి. ముందు అక్కడ అవసరం ఉందో లేదో కనుక్కోండి.

అపోహ: మంచి పనికే కదా, ఏ ఊలైనా ఫర్వాలేదు.

ఫర్వాలేదనుకోకండి. బజార్లో చవగ్గా దొరికే యాక్రిలిక్ ఊలు ప్లాస్టిక్కే. ఆరు కిలోల యాక్రిలిక్ బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా సన్నని పోగులు నీళ్లలో కలవొచ్చని 2016లో ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. నా క్లాసులో కొత్తగా కొనేది నూలు దారమే. ఇంట్లో మిగిలిన యాక్రిలిక్ ఉంటే, ఉతకాల్సిన పనిలేని ప్రదర్శన వస్తువులకు వాడతాం. అలంకారం కోసం చెట్లకు, బీచ్ రెయిలింగ్‌లకు మాత్రం చుట్టనివ్వను. ఎండకు చివికిన పోగులు గాలికి సముద్రంలోకే పోతాయి, పక్షుల కాళ్లకూ చిక్కుకుంటాయి.

అపోహ: ఊలుతో అల్లే పగడాల బొమ్మలు ఉత్త అలంకారం.

అలంకారమే కాదు, అందులో గణితమూ ఉంది. క్రోషే అల్లుతూ ప్రతి మూడో కుట్టులో రెండేసి కుట్లు వేస్తూ పోండి. అంచు దానంతటదే కుచ్చిళ్లు పడుతుంది. అంచుకు పోయేకొద్దీ ఇలా మడతలు పడే ఉపరితలాన్నే గణితంలో హైపర్‌బోలిక్ తలం అంటారు. దీన్ని 1997లో క్రోషేలో చేసి చూపింది కార్నెల్ యూనివర్సిటీకి చెందిన డైనా టైమినా. నిజమైన పగడాల్లోనూ ఇలాంటి మడతలే కనిపిస్తాయి. ఆ పద్ధతితోనే 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్థైమ్ అక్కచెల్లెళ్లు క్రోషే పగడపు దిబ్బ మొదలుపెట్టారు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడటాన్ని చెప్పడానికి తెల్ల దారంతోనూ అల్లారు. నరసాపురం లేసు అల్లే చేతులకు ఇది కష్టమేమీ కాదు.

అపోహ: బొమ్మ తాబేలు అల్లితే చాలు, నిజం తాబేలు బతుకుతుంది.

బతకదు. ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి జనవరి నుంచి మన తీరానికి వస్తాయి. ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవులు కాబట్టి ట్రాలర్లు (పెద్ద మరపడవలు) లాగే వలల్లో చిక్కితే మునిగి చనిపోతాయి. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి సీజన్ చాలావరకు అయిపోతుంది. తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలు కావాలని నేను మళ్లీమళ్లీ అడిగేది అందుకే. బొమ్మ చూసి ఆగినవాళ్లకు ఈ సంగతి చెబుతాను. రాత్రి తీరంలో తాబేలు కనిపిస్తే టార్చి, ఫ్లాష్ వేయకండి, దూరంగా ఉండి అటవీ శాఖకు ఫోన్ చేయండి.